నవరత్నాల్లో లేని నీలిరాయి
(రేడియో ప్రసంగ పాఠం)



డిసెంబరు దగ్గరపడిందంటే మా కార్యక్రమానికి ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. "మా అమ్మాయి డిసెంబరులో పుట్టిందండీ. ఇక్కడి నగల కొట్లో టాంజనైట్ అని ఒక నీలిరాయి చూపించి, ఆ నెలకి ఇదే బర్త్‌స్టోన్ అంటున్నారు. ఇది మన నీలమేనా? శనికి పనికొస్తుందా? పెట్టిన డబ్బు నిలుస్తుందా?" ఈసారి ఇంచుమించు ఇదే ప్రశ్న ముగ్గురు అడిగారు. ఫోనులో రెండు ముక్కల్లో తేలే విషయం కాదు కనక ఇవాళ్టి ప్రసంగం దానిమీదే పెట్టుకున్నాను.

మొదటి ప్రశ్నకి జవాబు ఒక్క మాట: కాదు. టాంజనైట్ నీలం కాదు. దానికి చెల్లెలూ కాదు, పినతల్లి కూతురూ కాదు. రంగులో పోలికే తప్ప ఆ రెండు రాళ్ళకీ ఏ చుట్టరికమూ లేదు.

రెండో ప్రశ్న శని సంగతి. నాకు జ్యోతిషం రాదు, వచ్చినవాళ్ళతో పేచీ పెట్టుకునే ఉద్దేశమూ లేదు. ఒక్క సంగతి మాత్రం చెప్పగలను. మన రత్నశాస్త్రాలు నవరత్నాల జాబితా కట్టి ఎన్నో వందల ఏళ్ళయింది. టాంజనైట్ లోకం కంట పడింది 1967లో. కాబట్టి ఎవరైనా "ఇది శాస్త్రంలో ఉంది" అంటే, ఆ శాస్త్రం మనలో చాలామంది కన్నా వయసులో చిన్నదన్నమాట.

ఇక రాయి సంగతికి వద్దాం. చూడనివాళ్ళకి రంగు ఎలా చెప్పడం? మన ఇళ్ళ పెరట్లో చలికాలం పూసే డిసెంబరం పూలు గుర్తున్నాయా? వాటిలో ఊదా రకం తీసుకుని, అందులో కాస్త శంఖుపూల నీలం కలపండి. దాదాపు అదే. పైగా ఒకే రాయి అన్నివేళలా ఒకే రంగులో ఉండదు. పగటి వెలుతురులో నీలంగా కనబడ్డది, రాత్రి పచ్చటి బల్బు కిందికి వచ్చేసరికి ఊదాకి తిరుగుతుంది. కొట్టువాడు తెల్లటి దీపాల కింద చూపించిన రాయి ఇంటికొచ్చాక వేరేగా కనబడితే రాయి మార్చేశాడేమోనని అనుమానపడకండి. అది దాని గుణం.

ఈ గుణానికి కారణం ఉంది. కొన్ని స్ఫటికాలు తమలోంచి వెళ్ళే కాంతిని దిక్కునిబట్టి ఒక్కో రంగులో బయటికి పంపిస్తాయి. మన నీలం రెండు రంగులు చూపిస్తుంది, అదీ జాగ్రత్తగా చూస్తేనే. టాంజనైట్ అయితే మూడు. గనిలోంచి తీసిన స్ఫటికాన్ని చేతిలో పట్టుకుని తిప్పితే ఒకవైపునుంచి నీలం, మరోవైపునుంచి ఊదా, మూడోవైపునుంచి తేనెలాంటి గోధుమరంగు. సానపట్టేవాడి నేర్పంతా ఇక్కడే. ఏ ముఖం పైకి పెడితే ఏ రంగు వస్తుందో చూసుకుని కొయ్యాలి. నీలం బాగా కనబడేలా కోస్తే చాలాసార్లు రాయి ఎక్కువ తరుగు పోతుంది, ఊదాకి కోస్తే బరువు మిగులుతుంది. డబ్బు బరువుకి కనక, బజారులో ఊదా మొగ్గిన రాళ్ళు ఎక్కువ కనబడటంలో ఆశ్చర్యం లేదు.

నీలం అంటే కురువిందం. కెంపూ అదే, నీలమూ అదే. అల్యూమినియమూ ఆక్సిజనూ కలిసిన గట్టి ఖనిజం. వజ్రానికి కాఠిన్యం 10 అనుకుంటే నీలానికి 9. టాంజనైట్‌కి ఆరున్నర. ఆరున్నర అంటే ఎంతో మనకి ఇలా అర్థమవుతుంది: ఇంట్లో బల్లమీద పేరుకునే దుమ్ములో సన్నటి ఇసక ఉంటుంది, దాని కాఠిన్యం 7. అంటే రోజూ చేతికి పెట్టుకునే ఉంగరంలో టాంజనైట్ ఉంటే మామూలు దుమ్మే దాన్ని గీకుతుంది. నీలాన్ని గీకలేదు. ఇంకో బలహీనత కూడా ఉంది. ఈ స్ఫటికం ఒక దిక్కున సులువుగా, నున్నగా చీలిపోతుంది. వంటగట్టుకి ఉంగరం గట్టిగా తగిలితే చాలు. చెవిపోగులకీ, పతకాలకీ మంచి రాయి. పిండి కలిపి, గిన్నెలు తోమే చేతికి మంచిది కాదు. నగల కొట్లలో శబ్దతరంగాలతో శుభ్రం చేసే యంత్రంలో దీన్ని వెయ్యకూడదు, ఆవిరి పట్టకూడదు. మన ఊళ్ళో కంసాలి దగ్గరికి మరమ్మతుకి తీసుకెళ్తే, మంట పెట్టేముందు రాయి ఊడదియ్యమని చెప్పండి. ఆయన దాన్ని నీలమనుకుని ఊదుగొట్టం పడితే పగులుతుంది.

తూకంలోనూ తేడా ఉంది. నీళ్ళకన్నా నీలం నాలుగు రెట్లు బరువు, టాంజనైట్ మూడు రెట్లమీద మూడోవంతు. ఒకే కొలత రాళ్ళయితే టాంజనైట్ తేలిక.

దీని అసలు పేరు జోయిసైట్. కాల్షియం, అల్యూమినియం, సిలికాన్ ముఖ్య మూలకాలుగా ఉన్న ఖనిజం. ఆస్ట్రియాలో సౌఆల్పె కొండల్లో దొరికితే, స్లొవేనియాలోని ల్యుబ్లియానాలో ఉండే జీగ్మండ్ జోయిస్ అనే ప్రభువు దగ్గరికి చేరింది. ఆయనకి ఖనిజాలు పోగుచెయ్యడం సరదా. 1805లో వెర్నర్ అనే జర్మన్ పండితుడు ఆయన పేరే దానికి పెట్టాడు. అప్పట్లో చూసినవి నగకి పనికిరాని మట్టి రంగు రాళ్ళు. ఆ తరవాత నూట అరవై ఏళ్ళపాటు జోయిసైట్ అంటే పాఠ్యపుస్తకాల్లో ఒక వరస, అంతే. టాంజానియాలోనే లాంగిడో దగ్గర ఆకుపచ్చ జోయిసైట్‌లో కెంపులు పొదిగినట్టుండే రాయి ఒకటి 1950ల్లో దొరికింది. దానితో బొమ్మలు చెక్కేవారు. అంతకుమించి ఎవరూ పట్టించుకోలేదు.

మరి ఆ మట్టిరాయికి ఊదారంగు ఎలా వచ్చింది? ఇది సుమారు 58 కోట్ల ఏళ్ళనాటి కథ. అప్పటికి ఆఫ్రికా, ఇండియా, అంటార్కిటికా అన్నీ దగ్గరగా జరిగి ఒక్క మహాఖండంగా అతుక్కుంటున్నాయి. దాన్నే గోండ్వానా అంటారు. మన గోండుల నేల పేరే అది. ఆ నేలలుండే పొరల రాళ్ళకి పెట్టిన పేరు చివరికి ఒక ఖండానికి పేరయింది. ఆదిలాబాదు అడవుల్లో ఉన్న గోండులకి ఈ సంగతి ఎవరైనా చెప్పారో లేదో! సరే, ఆ నేలలు గుద్దుకున్నచోట పాత సముద్రాల అడుగున ఉన్న బురద కొన్ని మైళ్ళ లోతుకి నలిగి, ఉడికింది. ఆ బురదలో కుళ్ళిన జీవపదార్థం ఉంది. అది గ్రాఫైట్ అయింది, అంటే మన పెన్సిల్లో ఉండే నల్లపొడి. అలాంటి బురదలో వెనేడియం అనే లోహం కొద్దికొద్దిగా పేరుకుని ఉంటుంది. ఆ వెనేడియం జోయిసైట్ స్ఫటికంలో అల్యూమినియం ఉండాల్సిన చోట్లలో దూరింది. నీలిరంగు దానిదే. ఇలా కాల్షియమూ, వెనేడియమూ, తగినంత వేడీ, తగినంత ఒత్తిడీ, స్ఫటికం పెరగటానికి పగుళ్ళలో చోటూ ఒకేచోట కుదరాలి. నగకి తగిన రాళ్ళు గనులు పెట్టి తియ్యగలిగేంతగా కుదిరింది భూమ్మీద ఒక్కచోటే: ఉత్తర టాంజానియాలో మెరెలాని గుట్టలు. పొడవు ఏడు కిలోమీటర్లు, వెడల్పు రెండు. మన దగ్గర ఒక పెద్ద పంచాయతీకి ఇంతకన్నా ఎక్కువ పొలం ఉంటుంది.

ఆ గుట్టలమీద నిలబడితే కిలిమంజారో కనబడుతుంది. అందుకని ప్రకటనల్లో "కిలిమంజారో అగ్నిపర్వతం కన్న రత్నం" లాంటి మాటలు రాస్తారు. అది తప్పు. కిలిమంజారో వయసు ఇరవై ముప్ఫై లక్షల ఏళ్ళు. రాయి వయసు దానికి దాదాపు రెండు వందల రెట్లు. మనవడికి తాతని పుట్టించడమే అది.

గనిలోంచి వచ్చే రాళ్ళలో ఎక్కువభాగం నీలంగా ఉండవు, గోధుమరంగులో ఉంటాయి. వాటిని కొలిమిలో సుమారు 500, 600 డిగ్రీలకి వేడిచేస్తారు. ఆ వేడికి మూడు రంగుల్లో గోధుమరంగు పోయి నీలమూ ఊదా మిగులుతాయి. రంగు మళ్ళీ వెనక్కి పోదు. భూమి తనంతట తాను కాల్చిందా, మనిషి కాల్చాడా అని ప్రయోగశాలలో కూడా మామూలుగా తేల్చి చెప్పలేరు. కాబట్టి కొట్టువాడు "ఇది వేడి చెయ్యని రాయి" అని ఎక్కువ ధర చెప్తే నవ్వి ఊరుకోండి. ఇందులో మోసమేమీ లేదు, కెంపులకీ నీలాలకీ కూడా వేడిపెట్టడం పాత అలవాటే. మోసమంతా వేడి పెట్టలేదని చెప్పడంలో ఉంది.

ఈ వేడిమీదే ఒక కథ ప్రచారంలో ఉంది. పిడుగు పడి గడ్డి అంటుకుందట, నేలమీదున్న గోధుమరంగు రాళ్ళు ఆ మంటకి నీలంగా మారాయట, పశువుల్ని తోలుకొచ్చిన మసాయి కాపరులు వాటిని చూశారట. చాలా అందమైన కథ. నగ అమ్మడానికి ఇంతకన్నా మంచి కథ ఎవరూ కల్పించలేరు. కాని గడ్డిమంట నిమిషాల్లో దాటిపోతుంది, రాయి లోపలిదాకా అంత వేడి ఎక్కడం కష్టం. నేలపొరల వేడికే నీలంగా మారిన రాళ్ళు కొన్ని సహజంగానే ఉన్నాయి. వాటికి పిడుగు అక్కర్లేదు. నాకు ఈ కథమీద ఇంకో ఫిర్యాదు ఉంది. ఆకాశం చేసింది, కాపరి చూశాడు అంటే, నిజంగా వెతికినవాళ్ళు కథలోంచి తప్పుకుంటారు. వాళ్ళకి పేర్లున్నాయి.

మొదటి పేరు మాన్యుయెల్ డిసౌజా. గోవా మనిషి. వృత్తికి దర్జీ, ఉండేది అరుషా ఊళ్ళో. తూర్పు ఆఫ్రికాలో బ్రిటిష్ వాళ్ళ కాలంనుంచీ గుజరాతీలు కొట్లు పెట్టారు, పంజాబీలు రైలు పట్టాలు వేశారు, గోవావాళ్ళు గుమాస్తాలుగా, వంటవాళ్ళుగా, దర్జీలుగా కుదిరారు. స్వాహిలీలో కొట్టుని 'దుకా' అంటారు. మన 'దుకాణం' తోబుట్టువే అది, ఇద్దరికీ మూలం అరబ్బు వర్తకుల మాట. డిసౌజా బట్టలు కుడుతూనే తీరిక దొరికినప్పుడల్లా రాళ్ళు వెతుక్కుంటూ అడవులు తిరిగేవాడు. 1967 జులైలో కెంపుల కోసం వెళ్తూ మెరెలాని దగ్గర నేలమీద నీలంగా మెరిసే రాళ్ళు చూశాడంటారు. నీలమే అనుకున్నాడు. నెలాఖరులోగా ఆ స్థలానికి హక్కు రిజిస్టరు చేయించుకున్నాడు. తరవాత రెండేళ్ళకే, 1969లో, కారు ప్రమాదంలో పోయాడు.

రెండో పేరు జుమానె మ్హెరో న్గోమా. టాంజానియా మనిషి. తను ఆ రాళ్ళని 1967 జనవరిలోనే, అంటే డిసౌజాకన్నా ఆరు నెలల ముందే చూశాననీ, పరీక్షకి ఇచ్చాననీ ఆయన చెప్పుకున్నాడు. 1980ల్లో అక్కడి ప్రభుత్వం ఆయన్ని కనుక్కున్నవాడిగా గుర్తించి పత్రం ఇచ్చింది. మసాయి వాళ్ళేమో, అలీ జుయవాటు అనే తమ మనిషి రాయి చూపించాకే డిసౌజాకి తెలిసిందంటారు. అమెరికాలో అచ్చయిన పుస్తకాల్లో చాలా ఏళ్ళపాటు డిసౌజా పేరే కనిపించింది. ఎందుకంటే రిజిస్టరు కాగితం ఆయన దగ్గరుంది. చూడటం వేరు, దరఖాస్తు పెట్టడం వేరు. ఎన్నో తరాలుగా ఆ నేలమీద పశువుల్ని మేపుకుంటున్న మనిషికి కాళ్ళకింది రాయికి దరఖాస్తు పెట్టాలని తోచకపోవడంలో వింతేముంది?

ఆ ఏడాది సంగతి కూడా కొంచెం గుర్తుచేసుకోవాలి. 1967 ఫిబ్రవరిలో, అదే అరుషా ఊళ్ళో, అధ్యక్షుడు జూలియస్ న్యెరేరే పార్టీచేత అరుషా ప్రకటన చేయించాడు. దేశంలో ముఖ్యమైన సంపదంతా ప్రజలదనీ, బ్యాంకులూ పెద్ద కంపెనీలూ ప్రభుత్వం చేతిలో ఉండాలనీ దాని సారం. ఉజమా సోషలిజం అని మన కమ్యూనిస్టు మిత్రులు ఆ రోజుల్లో చర్చించుకునేవారు. అంటే సంపదని జాతీయం చేస్తామని ప్రకటించిన ఊరి పొలిమేరల్లోనే, అదే సంవత్సరం, లోకంలో ఇంకెక్కడా లేని సంపద బయటపడిందన్నమాట. కల్పించి రాస్తే నమ్మరు.

రాళ్ళు పరీక్షకి చాలాచోట్లకి వెళ్ళాయి. డొడొమాలో ప్రభుత్వ భూగర్భ శాఖవాళ్ళు అది నీలం కాదు, జోయిసైట్ అని తేల్చారు. అమెరికాలో జెమాలజికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళూ అదే మాటన్నారు. ఇక న్యూయార్కులో టిఫనీ కంపెనీ రంగంలోకి దిగింది. ఆ కుటుంబ వంశీకుడు, కంపెనీ పెద్దల్లో ఒకడు హెన్రీ ప్లాట్. రాయి ఆయనకి నచ్చింది, పేరు నచ్చలేదు. 'జోయిసైట్' అని ఇంగ్లీషులో గబగబా అంటే ఆత్మహత్య అనే అర్థమొచ్చే 'సూయిసైడ్' లాగా వినబడుతుందట. నిశ్చితార్థపు ఉంగరానికి ఆ పేరేమిటని కాబోలు, దేశం పేరుమీదుగా 'టాంజనైట్' అని నామకరణం చేశాడు. 1968లో బజారులోకి వదిలారు. ఇది రెండే చోట్ల దొరుకుతుంది, ఒకటి టాంజానియా, రెండోది టిఫనీ, అన్నది వాళ్ళ ప్రచారం.

ఆ పేరు గురించి నేను తరచు ఆలోచిస్తుంటాను. టాంగన్యీకా, జాంజిబార్ కలిసి ఒక దేశమై, టాంజానియా అనే పేరు పుట్టింది 1964లో. అంటే రాయికి పేరు పెట్టేనాటికి దేశం పేరుకే నాలుగేళ్ళు. అమెరికాలో ఆ దేశం ఎక్కడుందో తెలియని ఇళ్ళల్లోకి కూడా ఆ పేరు మెడలో వేసుకునే నగతో వెళ్ళింది. దేశానికి అది గౌరవమే. ఆ నగలో ఆ దేశానికి ముట్టింది ఎంత అన్నది వేరే లెక్క. ఆ లెక్కకోసమే తరవాతి యాభై ఏళ్ళూ కొట్లాట జరిగింది.

1971లో గనులు జాతీయం చేశారు. అదే ఏడాది అద్దెలకిచ్చిన పెద్ద భవనాల్ని కూడా ప్రభుత్వం స్వాధీనం చేసుకునే చట్టం వచ్చింది. ఆ దెబ్బ ఎక్కువగా తగిలింది భారతీయ కుటుంబాలకి. చాలామంది ఇంగ్లండూ కెనడా దారి పట్టారు. మరుసటేడు పక్కనున్న ఉగాండాలో ఇదీ అమీన్ చేసిన పని అందరికీ తెలిసిందే కనక టాంజానియా సంగతి మరుగునపడింది. టాంజానియా ఎవరినీ వెళ్ళగొట్టలేదు, అది ఒప్పుకోవాలి. గనుల్ని నడపటం ప్రభుత్వ సంస్థ వల్ల కాలేదు. కంచె లేదు, కాపలా లేదు. వేలమంది కూలీలు పలుగూ సుత్తీ పట్టుకుని వచ్చి ఎవరికి తోచినచోట వాళ్ళు తవ్వుకున్నారు. రాళ్ళు చీకట్లో సరిహద్దు దాటి కెన్యా చేరాయి.

1990లో ప్రభుత్వం ఆ గుట్టల్ని నాలుగు ముక్కలు చేసింది, ఎ, బి, సి, డి అని. పెద్దదైన సి ముక్క కంపెనీలకి వెళ్ళింది. తరవాతి ఏళ్ళలో దాన్ని దక్షిణాఫ్రికా కంపెనీ ఒకటి తీసుకుని, యంత్రాలతో, కంచెలతో, కాపలా కుక్కలతో నడిపింది. పక్కనే బి, డి ముక్కల్లో చిన్న గనులవాళ్ళు. నేలమీద గీసిన గీత నేలకింద ఉండదు కదా. కంపెనీ సొరంగాల్లోకి కూలీల సొరంగాలు వెళ్ళి కలిసేవి. చీకట్లో తగాదాలు, కొట్లాటలు, కాల్పులు.

ఆ కూలీలకి అక్కడ 'వనఅపోలో' అని పేరు. అపోలో పిల్లలని అర్థం. 1969లో చంద్రుడిమీదికి వెళ్ళిన అపోలో పేరే అది. వాళ్ళు పైకి వెళ్ళారు, వీళ్ళు కిందికి వెళ్తారు, తిరిగొస్తారో లేదో ఇద్దరికీ తెలియదు. పెద్దవాళ్ళు పట్టని సందుల్లోకి పాకే చిన్నపిల్లల్ని 'న్యోకా' అంటారు. స్వాహిలీలో పాము అని. చాలామందికి జీతం అంటూ లేదు. తిండి పెడతారు, రాయి దొరికితే వాటా. దొరక్కపోతే నెలల తరబడి చాకిరీకి మిగిలేది తిండే. నాలాగే మీకూ ఇక్కడ సింగరేణి గుర్తొస్తుందేమో. ఎంత కష్టమున్నా అక్కడ జీతముంది, యూనియనుంది. వీళ్ళకి ఆ రెండూ లేవు.

1998 ఏప్రిల్లో, ఎల్‌నీన్యో వానల్లో, నీళ్ళు ఒక్కసారిగా సొరంగాల్లోకి వచ్చేశాయి. వందమందికి పైగా చచ్చిపోయారు. పదేళ్ళ తరవాత, 2008 మార్చిలో, మళ్ళీ అదే. ఈసారి అరవైమందికి పైగా. ఆ సొరంగాలు ఒకదాన్లోంచి ఒకదాన్లోకి కలిసి ఉండటంవల్ల ఒక చోట పడ్డ నీళ్ళు పది చోట్ల మనుషుల్ని ముంచాయి.

ఈ మధ్యకాలంలో అమెరికాలో జరిగినది కూడా చెప్పాలి. 2001 సెప్టెంబరు తరవాత రెండు నెలలకి, నవంబరులో, వాల్ స్ట్రీట్ జర్నల్ ఒక పెద్ద వార్త వేసింది. టాంజనైట్ వ్యాపారం బిన్ లాడెన్ మద్దతుదారులకి డబ్బు అందిస్తోందని దాని సారాంశం. 1998 రాయబార కార్యాలయాల పేలుళ్ళ కేసులో శిక్షపడ్డ వాడీ ఎల్‌హాజ్ గతంలో ఈ రాళ్ళ బేరం చెయ్యబోయిన మాట నిజం. ఆ వార్త తరవాత కొన్ని వారాల్లో టిఫనీ, జేల్స్, టీవీలో నగలమ్మే క్యూవీసీ అమ్మకాలు ఆపేశాయి. ధర కుప్పకూలింది. నాకు గుర్తుంది, ఆ రోజుల్లో ఏ గడ్డం చూసినా, ఏ తలపాగా చూసినా ఇక్కడివాళ్ళకి భయమే. రాయికి కూడా ఆ భయం అంటుకుంది. ఆ తరవాత అమెరికా విదేశాంగ శాఖవాళ్ళు, ఆ ముఠా అప్పటికీ ఈ రాళ్ళ వ్యాపారంలో ఉన్నట్టు ఆధారం దొరకలేదన్నారు. 2002 ఫిబ్రవరిలో ఆరిజోనాలోని టూసాన్‌లో ఏటా జరిగే రత్నాల సంత దగ్గర వర్తకులూ, టాంజానియా అధికారులూ కూర్చుని, ప్రతి రాయికీ గనినుంచి కాగితం ఉండాలని ఒప్పందం రాసుకున్నారు.

మరి ధర మళ్ళీ లేవాలి కదా. అదే 2002 అక్టోబరులో అమెరికా రత్నవర్తకుల సంఘం టాంజనైట్‌ని డిసెంబరు జన్మరత్నాల్లో చేర్చింది. మన శ్రోతల అమ్మాయి పుట్టిన నెలకి ఈ రాయి కుదిరింది అలాగన్నమాట. గ్రహాలు కూడి చెప్పింది కాదు, వర్తకులు కూడి తీర్మానించింది. నేను తప్పుపట్టడం లేదు. ఆ జాబితానే 1912లో అమెరికా నగల వర్తకులు తమ సభలో తయారుచేసుకున్నది. 1912 తరవాత జాబితాలో ఇదే మొదటి మార్పని ప్రకటనల్లో రాస్తుంటారు, అదీ సరికాదు. 1952లో కూడా కొన్ని రాళ్ళు చేర్చారు.

ఇక మన దేశం వాటా. గోవా దర్జీతో మొదలైన సంబంధం జైపూరులో స్థిరపడింది. ప్రపంచంలో టాంజనైట్‌లో అధికభాగం సానపట్టేది జైపూరులోనే. పచ్చలకి పేరుపడ్డ ఊరు, సన్నటి రాళ్ళని కూడా ఓపిగ్గా కోసే చేతులు ఉన్నాయక్కడ. టాంజానియా వాళ్ళకి ఇది మింగుడుపడలేదు. తమ నేలలో తప్ప ఎక్కడా దొరకని రాయి ఎగుమతుల లెక్కల్లో తమకన్నా కెన్యా, ఇండియా ముందుండటమేమిటని అక్కడి పత్రికల్లో, పార్లమెంటులో ఏళ్ళ తరబడి అడిగారు. 2010 గనుల చట్టంలో ఒక గ్రాము దాటిన ముడిరాయిని బయటికి పంపకూడదన్నారు. జైపూరులో సానపట్టేవాళ్ళ పని దీనివల్ల దెబ్బతింటుందని తెలిసినా, ఈ విషయంలో నా సానుభూతి టాంజానియా వైపే. కొల్లూరు గనుల్లో తవ్విన వజ్రాలు ఇవాళ ఎవరి కిరీటాల్లో, ఏ మ్యూజియాల్లో ఉన్నాయో తెలిసిన జాతివాళ్ళం. తవ్వినచోటే రాయికి విలువ కట్టాలనేవాళ్ళ బాధ మనకి వేరే వివరించనక్కర్లేదు.

చట్టం ఒక్కటీ చాలలేదు. 2017 సెప్టెంబరులో అధ్యక్షుడు జాన్ మగుఫులి అక్కడికి వచ్చి, ఈ గుట్టల చుట్టూ గోడ కట్టమని సైన్యానికి హుకుం ఇచ్చాడు. అక్షరాలా గోడే. ఇరవైనాలుగు కిలోమీటర్ల చుట్టుకొలత, ఒక్కటే ద్వారం. మూడు నెలల్లో కట్టేశారు. 2018 ఏప్రిల్ 6న ప్రారంభోత్సవం. ఆ సభలోనే మగుఫులి ముసలివాడైపోయిన జుమానె న్గోమాని పిలిపించి, ఈ రాయిని కనుక్కున్నది ఈయనే అని అందరి ముందూ చెప్పి, పది కోట్ల షిల్లింగులు ప్రకటించాడు. అప్పటి లెక్కలో నలభై వేల పైచిలుకు డాలర్లు. రాయి చూసిన యాభై ఒక్క ఏళ్ళకి. మరుసటేడు జనవరిలో న్గోమా చనిపోయాడు. గోవా దర్జీ సంగతి ఆ సభకి అవసరపడలేదు. నన్నడిగితే ఇద్దరూ నిజమే. వెతకడానికి వెళ్ళిన ఇద్దరు బీదవాళ్ళలో ఒకరి పేరు నిలబెట్టడానికి రెండోవాడిది చెరిపెయ్యాల్సిన పనిలేదు.

మూడో ప్రశ్న మిగిలింది, డబ్బు నిలుస్తుందా అని. "ఇంకో ఇరవై ఏళ్ళలో గని అయిపోతుంది, వజ్రంకన్నా వెయ్యి రెట్లు అరుదు" అని కరీబియన్ ఓడ ప్రయాణాల్లో దిగినచోటల్లా కొట్లవాళ్ళు చెప్తారు. ఒకేచోట దొరకటం నిజం. కాని అరుదైనదల్లా ఖరీదైనది కాదు, కొనేవాళ్ళు ఉంటేనే ఖరీదు. 2001లో ఒక్క వార్తతో ధర ఎలా పడిందో చెప్పాను కదా. రంగు నచ్చితే కొనుక్కోండి, అమ్మాయి పెళ్ళికి పనికొస్తుందని మాత్రం కొనకండి. బంగారంలా తిరిగి అమ్ముకోవడం కుదరదు.

ధర అంటే ఒక లెక్క చెప్తాను. 2020 జూన్‌లో సనినియు లైజర్ అనే చిన్న గని యజమాని, మసాయి మనిషి, ఆ గోడ లోపల రెండు రాళ్ళు తీశాడు. ఒకటి 9.27 కిలోలు, రెండోది 5.1 కిలోలు. అప్పటిదాకా దొరికినవాటిలో పెద్దది 3.38 కిలోలు మాత్రమే. ప్రభుత్వం ఆ రెంటినీ 774 కోట్ల షిల్లింగులకి, అంటే దాదాపు 34 లక్షల డాలర్లకి కొన్నది. మగుఫులి స్వయంగా ఫోను చేసి అభినందించాడు. కారెట్టు అంటే గ్రాములో అయిదోవంతు కనక, ఆ రెండు రాళ్ళూ కలిపి డెబ్భైవేల కారెట్లు దాటాయి. భాగిస్తే కారెట్టుకి 47 డాలర్లు చొప్పున వచ్చినట్టు. ముడిరాయిలో చాలాభాగం సానలో పోతుంది, అన్నీ ఒకే నాణ్యం కాదు, నిజమే. అయినా అమెరికాలో గాజు బీరువాలో ఉన్న మంచి రాయికి కారెట్టు కొన్ని వందల డాలర్లు చెప్తారని గుర్తుంచుకోండి. అప్పటికీ లైజర్‌కి దక్కినది, గోడ లేని రోజుల్లో రాత్రిపూట దళారీకి ముడిరాయి అమ్ముకున్న కూలీకి ఎన్నడూ దక్కనిది.

విలేకరులు ఆయన్ని ఏంచేస్తావని అడిగితే ఊళ్ళో బడి కడతానన్నాడు. తన రెండువేల ఆవుల్నీ ఎప్పట్లాగే చూసుకుంటానన్నాడు. ఆగస్టులో ఆయన గనిలోనే 6.3 కిలోల రాయి మూడోది దొరికింది.

ఇవాళ్టికి ఇంతే. వచ్చేవారం ఇదే వేళకి కలుద్దాం. సెలవు.